ముందు ఆరనివ్వండి, ఆ తర్వాతే క్రీము

డైపర్ విప్పగానే పాప పిరుదులు కందిపోయి కనిపిస్తే చాలు, ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. "మా రోజుల్లో ఈ డైపర్లూ లేవు, ఈ ఒరుపులూ లేవు" అంటుంది అమ్మమ్మ. అసలే రాత్రి నిద్రలేక సతమతమవుతున్న తల్లి ఆ మాటకు చిన్నబుచ్చుకుంటుంది. పాత నేతచీర చింపి కట్టిన గోచీలోనూ పిల్లలకు ఒరుసుకుపోయేది, ఖరీదైన డైపర్‌లోనూ ఒరుసుకుపోతుంది. తడి ఒంటికి ఎంతసేపు అంటుకుని ఉందన్నదే ఇక్కడ లెక్క. కాబట్టి ఎవరి తప్పన్న వాదన పక్కన పెట్టి, ఆ తడి సంగతి చూద్దాం.

తడిలో నానిన చర్మం మెత్తబడి కాస్త రాపిడికే దెబ్బతింటుంది. మూత్రం, మలం కలిస్తే మరీ కష్టం. ఆహారాన్ని అరిగించే ఎంజైములు మలంలో ఇంకా మిగిలే ఉంటాయి. మూత్రం వల్ల పుట్టే అమ్మోనియా వాటి తీవ్రతను పెంచుతుంది. అప్పుడవి చర్మాన్నే దెబ్బతీస్తాయి. విరేచనాలు పట్టుకున్న రోజు ఒక్క పూటలోనే ఒళ్లు ఎర్రబారేది ఇందుకే. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల మలం అంత ఘాటుగా ఉండదు. అన్నప్రాశన అయి, గట్టి ఆహారం మొదలయ్యాక ఈ బాధ ఎక్కువవుతుంది. 9 నుంచి 12 నెలల వయసులో మరీ ఎక్కువగా కనిపిస్తుంది.

డైపర్ లోపలి గుళికలు మూత్రాన్ని పీల్చుకుని జిగురులా మారతాయి. అందుకే పైన తడిమి చూస్తే పొడిగానే ఉన్నట్టుంటుంది. మలాన్ని మాత్రం ఏ డైపరూ పీల్చదు. దొడ్డికి వెళ్లిన వెంటనే, అర్ధరాత్రయినా సరే, మార్చాల్సిందే. మూత్రమే అయితే పగటిపూట రెండు మూడు గంటలకోసారి మార్చండి, ఒరుపు ఉన్న రోజుల్లో ఇంకా తరచుగా. గుడ్డ కట్టేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. గుడ్డ తడిసిందంటే ఆ తడంతా ఒంటిమీదే ఉంటుంది, కనుక తడిసినప్పుడల్లా మార్చాలి. గుడ్డ మీద ప్లాస్టిక్ చెడ్డీ తొడిగే అలవాటుంటే మానేయండి, లోపల ఆవిరి పట్టి ఒళ్లు ఇంకా ఉడుకుతుంది. గుడ్డలు ఉతికాక సబ్బు నురుగు పోయేదాకా మంచినీళ్లలో జాడించి ఎండలో ఆరేయండి. వానాకాలంలో సగం ఆరిన గుడ్డను "పర్లేదులే" అని కట్టేయడం మన ఇళ్లలో మామూలే. దానికంటే ఆ వారం రోజులూ డైపర్ వాడటమే మేలు.

మన దగ్గర ఎవరూ పెద్దగా పట్టించుకోనిది మొలతాడు. నల్లదారం డైపర్ అంచు కిందకు జారి, ఉచ్చ పీల్చుకుని, ఆరకుండా రోజంతా నడుముకు రాసుకుంటూ ఉంటుంది. ఒరుపు నడుం చుట్టూ గీత గీసినట్టు కనిపిస్తే ముందు ఆ దారాన్ని చూడండి. తీసేయడానికి పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే కనీసం డైపర్ అంచుకు పైన ఉండేలా సర్దండి. స్నానం కాగానే ఒత్తి ఆరబెట్టండి, పాతబడ్డ దారం మార్చండి.

ఇక ఒరుపు వచ్చేసిందనుకుందాం. గోరువెచ్చని నీళ్లు పోసి కడగండి. చెంబుతో నీళ్లు పోసి కడిగే మన పద్ధతి ఈ విషయంలో చాలా మంచిది, పచ్చిగా ఉన్న చర్మాన్ని వైప్స్‌తో రుద్దడంకన్నా ఎన్నో రెట్లు నయం. ప్రయాణంలో వైప్స్ తప్పకపోతే సువాసన, ఆల్కహాల్ లేనివి చూసుకోండి. ప్రతిసారీ సబ్బు అక్కర్లేదు. నలుగుపిండి ఆ చోట రుద్దకండి. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కే తుడవాలి. మెత్తటి నూలుగుడ్డతో అద్ది, ఏమీ తొడగకుండా కాసేపు వదిలేయండి. పాత పంచె నాలుగు మడతలు వేసి దాని మీద పడుకోబెడితే సరిపోతుంది. మెలకువగా ఉంటే, మీరు పక్కనే ఉండి బోర్లా వేయండి. దుప్పటి ఒకటి తడుస్తుంది, అంతే. రోజుకు రెండు మూడుసార్లు ఇలా గాలి తగలనిస్తే, మామూలు ఒరుపు రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది.

పూర్తిగా ఆరాకే క్రీము. జింక్ ఆక్సైడ్ ఉన్నదైనా, ఉత్త పెట్రోలియం జెల్లీ అయినా పర్లేదు. పొదుపుగా రాస్తే లాభం లేదు, గోడకు సున్నం వేసినట్టు కింది ఎరుపు కనపడనంత మందంగా రాయండి. మళ్లీ డైపర్ మార్చేటప్పుడు ఆ పూతనంతా గీకి తీయాలని చూడకండి. మలం అంటిన పైపొర తీసి, మీద మరికాస్త రాస్తే చాలు. పౌడర్ మాత్రం వద్దు. అది మడతల్లో తడిసి ఉండలు కడుతుంది, పైగా ఆ ధూళి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బోరిక్ పౌడర్ అయితే దగ్గరికే రానివ్వకండి. ఒరిసిన చర్మంలోంచి ఒంట్లోకి పోతే అది విషం.

మామూలు ఒరుపు డైపర్ తగిలే ఎత్తు భాగాల్లోనే ఉంటుంది, గజ్జల మడతలు బాగానే ఉంటాయి. మడతల లోపల కూడా ముదురు ఎరుపుగా ఉండి, అంచుల చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు చెదిరి కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు. యాంటీబయోటిక్ వాడిన తర్వాత ఇలా రావడం ఎక్కువ. అప్పుడు జింక్ ఒక్కటే సరిపోదు, డాక్టరు రాసే ఫంగస్ మందు కావాలి. పాప నోట్లో తుడిచినా పోని తెల్లమచ్చలు ఉన్నాయేమో కూడా చూడండి.

మెడికల్ షాపులో "దద్దుర్లకు ట్యూబు ఇవ్వండి" అని అడిగితే చాలాసార్లు చేతికి వచ్చేది స్టెరాయిడ్, యాంటీబయోటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీము. రెండు రోజుల్లో ఎరుపు మాయమవుతుంది కనుక అందరికీ తెగ నమ్మకం. ఆపగానే రెట్టింపై తిరిగి వస్తుంది. పసిచర్మం పలుచన, దానిపై డైపర్ బిగుతుగా మూసి ఉంటుంది. దాంతో మందు ఒంట్లోకి ఎక్కువగా ఇంకుతుంది, చర్మం ఇంకా పలుచబడుతుంది. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ అన్న పేర్లలో ఏది కనిపించినా పిల్లల డాక్టరు చెప్పకుండా రాయకండి. పక్కింటి పిల్లాడికి తగ్గిందన్న మాట విని అస్సలు రాయకండి.

మూడు రోజులు జాగ్రత్తగా చూసినా తగ్గకపోయినా, నీటిపొక్కులు, చీము, రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా, పాప పాలు తాగడం తగ్గించినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. నెల నిండని పసికందయితే మూడు రోజులు కూడా చూడొద్దు. వెళ్లేటప్పుడు అప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. పేరు గుర్తులేకపోయినా, చూస్తే డాక్టరుకు తెలుస్తుంది.