విరిగిన ఫోనులో విలువయు, విషమును



మన యిండ్లలో అటకమీదనో పాత పెట్టెలోనో పాడైన ఫోను, ఛార్జరు, రేడియో ఏదో ఒకటి ఉండును. ఇట్టి వాటినే ఎలక్ట్రానిక్ వ్యర్థములందురు. 2022లో లోకమంతటను 6.2 కోట్ల టన్నుల ఇట్టి వ్యర్థము పోగుపడెనని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ప్రకటించినవి. అందులో సరియైన రీతిగా సేకరింపబడి, శుద్ధిచేయబడినట్లు లెక్కకు వచ్చినది నూటికి 22 పాళ్లు మాత్రమే. తక్కినది ఎక్కడికి పోయెను? పాఠమును ఈ ప్రశ్నతో ఆరంభింపుడి.

1. వీటిలో విలువ కలదు. జపాను దేశములో 2017 ఏప్రిల్ మొదలు 2019 మార్చి వరకు ప్రజలయొద్దనుండి సుమారు 79,000 టన్నుల చిన్న పరికరములును, 62 లక్షల ఫోనులును సేకరించిరి. వాటినుండి 32 కిలోల బంగారము, 3,500 కిలోల వెండి, కంచుకు కావలసిన లోహము 2,200 కిలోలు తీసిరి. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్, పారాలింపిక్ ఆటలలో ఇచ్చిన సుమారు 5,000 పతకములు వీటితో చేసినవే.

2. వీటిలో విషము కలదు. పాత టీవీల గాజుబుడ్డిలో సీసము, ట్యూబులైట్లలో పాదరసము, కొన్ని బ్యాటరీలలో కాడ్మియము ఉండును. వస్తువు చెదరనంత కాలము ఇవి లోపలనే యుండును. రాగికొరకు తీగలను ఆరుబయట కాల్చినప్పుడును, బంగారముకొరకు సర్క్యూటు పలకలను ఆమ్లములో ముంచినప్పుడును విషము గాలిలోను నీటిలోను కలియును. ఢిల్లీలోని సీలంపూరు వంటి చోట్ల ఈ వస్తువులను వట్టిచేతులతో విడగొట్టి బ్రదుకువారు కలరు. సీసము పెద్దలకంటె పిల్లల మెదడునకు ఎక్కువ కీడు చేయును. మనము సులువుగా వదిలించుకొన్నదానికి వెల చెల్లించువాడు మన కంటికి కనబడని పిల్లవాడు. అట్లని పాత సామాను కొనువానిని నిందింపకుడి. అతడు కడుపుకొరకు తిరుగుచున్నాడు.

3. చట్టము కలదు. మన దేశములో 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న నియమముల ప్రకారము, వస్తువును తయారుచేసిన కంపెనీయే, నమోదైన కర్మాగారముల ద్వారా, దాని శుద్ధికి బాధ్యత వహింపవలెను. అయితే మనము అప్పగింపనిదే ఆ వస్తువు అక్కడికి చేరదు.

చేయవలసిన పని: మొదట బాగుచేయించి వాడుకొనుడి. బాగుకానిచో బడిలో ఒక పెట్టె యుంచి అందులో వేయించుడి. నిండిన పిమ్మట పెద్దలెవరైన పట్టణములోని కంపెనీ సేకరణ కేంద్రమునకు గాని, నమోదైన కర్మాగారమువారికి గాని అప్పగింపవలెను. పిల్లలు దేనినైనను విప్పరాదు, కాల్చరాదు. ఉబ్బిన బ్యాటరీని గుచ్చినచో మంటలు లేచును గనుక దానిని పెట్టెలో వేయక పెద్దలకు చూపవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు:

(అ) మీ యింట పనిచేయని పరికరములు ఎన్ని కలవు?
(ఆ) వస్తువు వాడుకలో నున్నప్పుడు లేని కీడు, కాల్చినప్పుడు ఏల కలుగును?
(ఇ) క్రొత్త ఫోను కొనకముందు మనలను మనము ఏమని ప్రశ్నించుకొనవలెను?

మూడవ ప్రశ్నకు పిల్లలకంటె ముందుగా పెద్దలే జవాబు చెప్పుట మంచిది.