పదిచోట్ల వేస్తే ఒకచోటైనా రాదా?

శరదృతువు రాగానే ప్రవాసాంధ్ర గృహాలలో ఒక లెక్క వినిపిస్తుంది. "ఒక్కొక్క కళాశాలలో నూటికి ఐదుగురికే చోటట. కానివ్వండి, పదిచోట్ల వేస్తున్నాము. ఐదు పదులు యాభై. సగం అవకాశమైనా ఉన్నట్టే గదా!" ఈ లెక్కలో రెండు పొరపాట్లున్నవి. మొదటిది చిన్నది, రెండవది చాల పెద్దది.

సంభావ్యతలను ఇట్లా కూడరాదు. కూడవచ్చుననుకొంటే ముప్పై కళాశాలలకు వేసినవానికి నూటికి నూటయాభై వంతుల అవకాశం ఉండవలసి వస్తుంది! చూడవలసినది రానిచోట్ల లెక్క. ఒకచోట రాకపోయే సంభావ్యత 0.95. దానిని పదిమార్లు గుణిస్తే సుమారు 0.60 వస్తుంది. అనగా ఒకచోటైనా వచ్చే అవకాశం నూటికి 40.

అయితే ఈ గుణకారం చెల్లాలంటే పది నిర్ణయాలూ స్వతంత్ర ఘటనలు కావాలి, నాణెమును పదిమార్లు ఎగురవేసినట్లు. ఇక్కడ పదిచోట్లకూ వెళ్ళేది ఒకే మార్కుల పట్టిక, అవే సిఫారసు లేఖలు, దాదాపు అదే స్వీయ వ్యాసం. ఒకచోట మెప్పించనిది మరొకచోటా మెప్పించకపోవచ్చు. నూరుగురు విద్యార్థులను ఊహించుకొనండి. వారిలో పదిమందికి ప్రతి కళాశాలలోను సగం అవకాశం ఉన్నది. మిగిలిన తొంబదిమందికి ఎక్కడా లేదు. సరాసరి చూస్తే నూటికి ఐదే. ఆ పదిమందికి ఎక్కడో ఒకచోట రావడం దాదాపు నిశ్చయం, తక్కినవారికి ఎన్నిచోట్ల వేసినా రాదు. కనుక ఒకచోటైనా వచ్చేది నూటికి 40 మందికి కాదు, పదిమందికే. నిజ జీవితం ఈ రెండు అంకెల నడుమ ఎక్కడో ఉంటుంది. మార్చి నెలాఖరున పది తిరస్కారాలు వచ్చినపుడు "అంత అవకాశం ఉండగా ఎట్లా పోయింది?" అని పిల్లను నిలదీసే ఇండ్లు నేనెరుగుదును. అవకాశం అంత లేదు, తప్పినది లెక్క.

కళాశాల ప్రకటించే సరాసరి కూడ మన పిల్లకు చెందిన అంకె కాదు. 2024లో హార్వర్డ్‌కు 54,008 దరఖాస్తులు రాగా 1,937 మందికి ప్రవేశం లభించినది; నూటికి నలుగురు కూడ లేరు. ఆ విశ్వవిద్యాలయంపై వేసిన దావా 2018లో బోస్టన్‌లో విచారణకు వచ్చినపుడు వెలువడిన వివరాల ప్రకారం, శిక్షకులు ఎంపిక చేసుకొన్న క్రీడాకారులలో నూటికి సుమారు 86 మందికి ప్రవేశం దొరికినది. అట్టివారిని తీసివేస్తే మిగిలినవారి సరాసరి ఇంకను తగ్గుతుంది.

మరొక చిక్కు. ప్రవేశం పొందినవారిలో సగం మందికి ఎస్.ఎ.టి.లో 1550 దాటినవని ఒక కళాశాల ప్రకటించినదనుకొందాము. మావాడికి 1560 గనుక సగం అవకాశమని తండ్రి సంతోషిస్తాడు. ప్రవేశం 2,000 మందికైతే అందులో సగం 1,000. దరఖాస్తుదారులలో 1550 దాటినవారు 10,000 మంది ఉంటే, అవకాశం నూటికి పదే. మొదటి అంకె వంటిదానిని, చేరిన విద్యార్థులకు సంబంధించి, కళాశాలలు 'కామన్ డేటా సెట్' అనే వార్షిక పత్రంలో ప్రకటిస్తాయి. రెండవది సాధారణంగా కనిపించదు.

మనలో చాలమంది ఎంసెట్ ర్యాంకుతో పెరిగినవారము. నిరుటి ఆఖరి ర్యాంకు చూచుకొంటే ఏ సీటు వస్తుందో ఇంటివద్దనే తేలిపోయేది. అటువంటి గీత అమెరికాలో బొత్తిగా లేకపోలేదు. 1997 నాటి టెక్సాస్ చట్టం ప్రకారం ఆ రాష్ట్రపు పాఠశాలలో తరగతిలో మొదటి పది శాతంలో నిలిచినవారికి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ప్రవేశం దానంతటదే లభిస్తుంది. ఆస్టిన్ ప్రాంగణానికి మాత్రం హద్దు తగ్గుతూ వచ్చి, 2026 శరత్తులో చేరేవారికి ఐదు శాతమైనది. ఆ హామీ విశ్వవిద్యాలయానికే గాని కోరిన శాఖకు కాదు. కంప్యూటర్ శాస్త్రమే కావాలనే మన పిల్లలు ఈ భేదం గమనించాలి.

జాబితాలో ఇట్టి పేరు ఒక్కటి ఉంటే పై గుణకారం స్వరూపమే మారిపోతుంది. అక్కడ రాకపోయే సంభావ్యత సున్న. గుణకారంలో ఒక్క సున్న చేరితే లబ్ధమంతా సున్న. ఘటనలు స్వతంత్రమా కాదా అనే వివాదం కూడ అవసరముండదు.

ఆ చోట చదివించగల స్తోమత మనకు ఉండాలి, అంతే. 2011 అక్టోబరు నుండి ఫెడరల్ సహాయం పొందే కళాశాలలు తమ పుటలలో నికర వ్యయ గణకమును ఉంచవలెననే నియమమున్నది. దరఖాస్తుకు ముందే, ఆదాయపు పన్ను పత్రం దగ్గర పెట్టుకొని, ఆ లెక్క వేసుకొనవచ్చును.