సాంక్షన్ ఉందిలే అనుకోకండి

ట్రైనింగ్ ముగించుకుని స్టేషన్‌లో చేరిన కొత్త కానిస్టేబుల్‌కో, ఎస్సైకో మొదటి నెలలోనే ఎవరో ఒక సీనియర్ భుజం తట్టి చెప్పే మాట ఒకటుంది. "భయపడకు తమ్ముడూ, గవర్నమెంటు సాంక్షన్ లేకుండా మన మీద కేసు నడవదు." ఆయన ధైర్యం చెప్పాలనే అంటాడు. ఆ మాటను మాత్రం సగమే నమ్మండి.

పోలీసుకు చట్టం అండ ఉండి తీరాలన్న సంప్రదాయ వాదన పాతది, బలమైనది. నేనూ ఆ వాదన వైపే ఉన్నాను. పట్టుబడినవాడు బెయిలు మీద బయటికొచ్చిన మర్నాడే ప్రైవేటు కంప్లయింటు వేస్తాడు. ఎస్సై వారానికోసారి ముద్దాయిగా కోర్టు మెట్లెక్కుతుంటే బందోబస్తు చూసేదెవరు? రాళ్లు పడుతున్నచోట ఆలోచించుకోవడానికి క్షణం కూడా దొరకదు. ఆ క్షణంలో చేసిన పనిని ఏసీ గదిలో కూర్చుని ఏళ్ల తరబడి తూకం వేస్తే, రేపు ఎవరూ ముందుకు దూకరు. బ్రిటిష్ కాలపు 1898 స్మృతి నుంచి 1973 సీఆర్‌పీసీ 197వ సెక్షన్ దాకా, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 218వ సెక్షన్ దాకా చట్టం ఈ భయాన్ని గుర్తుపెట్టుకుంటూనే వచ్చింది. కలకత్తాలో ఆదాయపు పన్ను సోదాల సమయంలో తనను కట్టేసి కొట్టారని మతజోగ్ దోబే అనే దర్వాను కేసు పెట్టాడు. సోదా చేయడం డ్యూటీ కాబట్టి, దానికి అడ్డు తొలగించే పనికీ ఆ డ్యూటీతో సంబంధం ఉందనీ, ముందుగా ప్రభుత్వ అనుమతి కావాల్సిందేననీ సుప్రీంకోర్టు 1955లో తేల్చింది. డ్యూటీలో చేయి కాస్త మీరినా, ఆ పనికీ డ్యూటీకీ సంబంధం తెగకపోతే అనుమతి అవసరమేనని 2020లో దేవరాజ కేసులోనూ చెప్పింది.

ఇంతవరకూ సీనియర్ చెప్పింది నిజమే. ఇక ఆయన చెప్పని సంగతులు.

ఆ 218వ సెక్షన్ మొదటి వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు చదవండి. ప్రభుత్వం తప్ప ఇంకెవరూ ఉద్యోగం నుంచి తొలగించలేని అధికారులకే ఆ రక్షణ. మిమ్మల్ని తొలగించే అధికారం ఎవరి చేతిలో ఉంది? కానిస్టేబుల్‌ను ఎస్పీ తీసేయగలరు. ఎస్సై ఉద్యోగం కూడా డీఐజీ స్థాయిలోనే తేలిపోతుంది. అలాంటప్పుడు ఈ రక్షణ వర్తించదని సుప్రీంకోర్టు 1963లో నాగరాజ్ కేసులో చెప్పింది, 2013లో ఫక్రుజమ్మా కేసులో మళ్లీ చెప్పింది. శాంతిభద్రతలు చూసే బలగాలకు రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా ఈ రక్షణను విస్తరించవచ్చు. మీ రాష్ట్రంలో అలాంటి నోటిఫికేషన్ ఉందా, అది మీ హోదాకు వర్తిస్తుందా అన్నది డీఎస్పీ ఆఫీసులోనో, కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్ దగ్గరో అడిగి తెలుసుకోండి. అడగడానికి మొహమాటపడకండి. చట్టవిరుద్ధ గుంపును చెదరగొట్టే సందర్భానికి మాత్రం అదే సురక్షా సంహితలో 151వ సెక్షన్ వేరుగా ఉంది. దానికి హోదాతో పని లేదు. అది గుంపు దగ్గర చేసిన పనికే గానీ, స్టేషన్ వెనక గదిలో చేసినదానికి కాదు.

అనుమతి అవసరమైన కేసుల్లోనూ ఫైలు ఏళ్లపాటు సచివాలయంలో పడి ఉంటుందన్న భరోసా ఇక లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం ప్రభుత్వం 120 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి. తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. లైంగిక నేరాలకైతే అనుమతి ఊసే లేదు. అత్యాచారం జరిగిందని ఒక మహిళ స్టేషన్‌కు వస్తే "రేపు రా అమ్మా" అని పంపేయడం కూడా నేరమే. భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద దానికి కనీసం ఆరు నెలల కఠిన జైలుశిక్ష ఉంది, దానికీ అనుమతి అక్కర్లేదు.

"సదుద్దేశంతో చేశాను సార్" అన్న జవాబు మనవాళ్ల నోట తరచూ వినిపిస్తుంది. చట్టంలో ఆ మాటకు అర్థం మంచి మనసు అని కాదు. తగిన శ్రద్ధా జాగ్రత్తా లేకుండా చేసిన పనిని సదుద్దేశంతో చేసినట్టు పరిగణించరు. 1997 మార్చి 31న ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో పోలీసులు ఒక కారు మీద కాల్పులు జరిపారు. వాళ్లు వెతుకుతున్న నేరస్థుడు అందులో లేడు. చనిపోయింది ఇద్దరు వ్యాపారులు. ఏసీపీతో సహా పది మందికి పడిన యావజ్జీవ శిక్షను సుప్రీంకోర్టు 2011లో ఖాయం చేసింది. ఆ పది మందిలో కానిస్టేబుళ్లూ ఉన్నారు. పైవాళ్లు చెబితే చేశామన్న మాట వాళ్లను కాపాడలేదు. అదే ఏడాది ప్రకాశ్ కదమ్ కేసులో కోర్టు ఇంకా సూటిగా చెప్పింది: బూటకపు ఎన్‌కౌంటర్ చేయమని ఎంత పెద్ద అధికారి ఆదేశించినా, కాదనడం కింది ఉద్యోగి విధి.

డబ్బు విషయం కూడా తెలుసుకోండి. 1977లో అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైల్లో బాంబు దాడి జరిగి ఒక ఖైదీ చనిపోయాడు. ప్రభుత్వం సార్వభౌమ రక్షణ తెరచాటున తప్పించుకోలేదని ఆ కేసులో సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. పరిహారం ప్రభుత్వమే కడుతుంది, నిజమే. కానీ తప్పు చేసిన ఉద్యోగి నుంచి ఆ సొమ్ము రాబట్టుకునే హక్కు ప్రభుత్వానికి ఉందని డి.కె. బసు తీర్పులో ఉంది. అరెస్టయి 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెన్షన్ దానంతటదే పడుతుంది. ఈఎంఐ కట్టే ఇంట్లో అదెలా ఉంటుందో నేను వేరే చెప్పనక్కర్లేదు.

మరి మిమ్మల్ని నిజంగా కాపాడేది ఏది? నా దృష్టిలో అన్నిటికంటే ముందు జీడీ (జనరల్ డైరీ) ఎంట్రీ. డ్యూటీలో జరిగినదానిపై పబ్లిక్ సర్వెంటు మీద కంప్లయింటు వస్తే, కొత్త చట్టం ప్రకారం మెజిస్ట్రేటు ముందుగా మీ వివరణ వినాలి, మీ పైఅధికారి నుంచి నివేదిక తెప్పించుకోవాలి. ఆరోజు మీ దగ్గర చూపించడానికి ఏం ఉంటుందన్నదే అసలు సంగతి. స్టేషన్ నుంచి బయల్దేరేముందు టైము, వెంట ఎవరెవరు, ఎక్కడికి, ఏ ఆయుధం, ఎవరు పంపారు అన్నవి రాయండి. తిరిగొచ్చాక మళ్లీ రాయండి. బలం వాడాల్సి వస్తే అవతలివాడు ముందు ఏం చేశాడో, ఇంకో దారి ఎందుకు లేకపోయిందో, ఎవరికి ఎక్కడ దెబ్బ తగిలిందో, ఆసుపత్రికి ఎన్ని గంటలకు తీసుకెళ్లారో ఆ రాత్రే రాయండి. రైటర్ తీరిక చూసుకుని రాస్తాడులే అని వదిలేయకండి. అరెస్టు మెమో మీద కుటుంబసభ్యుడిదో, స్థానికుడిదో సంతకం లేకుండా కదలకండి. లాకప్‌లోకి పంపేముందు వైద్యపరీక్ష చేయించండి. పాత గాయాలు కొత్తగా మీ ఖాతాలో పడకుండా ఉంటాయి. సీసీ కెమెరా పాడైతే ఆ సంగతి కూడా జీడీలో ఎక్కించండి. రికార్డింగులు 18 నెలలు భద్రపరచాలని 2020లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

నోటిమాటగా తప్పుడు ఆదేశం వస్తే ఎదురు తిరిగి గొడవపడక్కర్లేదు. "సార్, జీడీలో ఏమని రాయమంటారు?" అని మర్యాదగా అడగండి. సరైన ఆదేశమైతే ఆయన చెబుతారు. ఆయన మౌనంగా ఉంటే ఆ పని మీరు చేయకూడదు.

పాత ఎంట్రీలు ఎప్పుడూ దిద్దకండి, అది ఇంకో కేసవుతుంది. ఈ రాత్రి డ్యూటీ దిగేముందు మీ పేరుతో ఉన్న చివరి ఎంట్రీ ఒకసారి చదివి చూడండి. నాలుగేళ్ల తర్వాత అది మీ తరఫున మాట్లాడగలదా? లేదనిపిస్తే రేపటి ఎంట్రీ నుంచైనా టైముతో, పేర్లతో, జరిగింది జరిగినట్టు రాయండి.