ప్రయాణానికి ఏ హార్ప్?

చిరంజీవి బుజ్జికి,

ఎడిన్‌బరాలో 34 తీగల హార్ప్ మీద నేర్చుకుంటూ సెలవులకు హైదరాబాద్ వచ్చే పిల్లకు సాధన ఆగకూడదంటే చిన్న హార్ప్ ఒకటి ఉండాల్సిందే. చాలామంది బరువు చూసి కొంటారు. అసలు చూడాల్సింది తీగకీ తీగకీ మధ్య దూరం, తీగల బిగువు. ఈ రెండూ ఇంట్లోని వాయిద్యానికి దగ్గరగా లేకపోతే వేళ్లకు రెండు అలవాట్లు పడతాయి.

హార్ప్‌తో ఊళ్లు తిరగడం కొత్తేమీ కాదు. స్కాట్లండ్ జాతీయ మ్యూజియంలో ఉన్న మధ్యయుగపు క్వీన్ మేరీ హార్ప్ ఎత్తు మీటరు కూడా ఉండదు. చూపులేని ఐరిష్ విద్వాంసుడు టర్లో ఓ కారొలన్ (1670–1738) తోడు మనిషిని వెంటబెట్టుకుని, గుర్రమెక్కి, దొరల ఇళ్లకు వెళ్లి వాయించేవాడు. ఇప్పటి కచేరీ హార్ప్‌కైతే 47 తీగలు, 7 పెడళ్లు, మనిషంత ఎత్తు.

ఇక చిన్న హార్పుల విషయానికొస్తే, 22 తీగలకు మూడు ఆక్టేవులు వస్తాయి. జానపద బాణీలకు సరిపోతాయి కానీ ఎడమచేతికి పని తగ్గిపోతుంది. 26 తీగల హార్ప్ మధ్యస్థం. 34 తీగలదాంతో పోలిస్తే సాధారణంగా అడుగు ఆక్టేవ్ ఉండదు. ఎడమచేతి భాగాన్ని పైకి జరపాలి, అప్పుడు కుడిచేతికి అడ్డొస్తే కుడిచేతి భాగాన్నీ జరపాలి.

తర్వాత తీగల పైకొసన ఉండే మీటల సంగతి. మీట ఎత్తితే ఆ తీగ శ్రుతి అర స్వరం పెరుగుతుంది. అమెరికాలోని రీస్ కంపెనీ 26 తీగల హార్ప్‌నే రకరకాలుగా అమ్ముతుంది: హార్ప్సికల్‌కు మీటలుండవు, షార్ప్సికల్‌కు సి, ఎఫ్ తీగలకే ఉంటాయి, ఫుల్సికల్‌కు అన్నిటికీ ఉంటాయి. అన్ని మీటలూ ఉన్న హార్ప్‌ను ఇ-ఫ్లాట్ మేజర్‌లో శ్రుతి చేస్తే ఎనిమిది మేజర్ స్కేళ్లు చేతిలో ఉంటాయి. మీటలు లేనిదాంట్లో స్కేలు మారినప్పుడల్లా శ్రుతి చేసే తాళంచెవితో తీగలు సవరించుకోవాలి.

తేలికైన హార్ప్ ఒళ్లో నిలవదు, జారిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి భుజాలు ముందుకు వంగుతాయి. పట్టీ గానీ, కింద చిన్న స్టూలు గానీ పెట్టి, హార్ప్ కుడి భుజానికి ఆనేలా ఎత్తు సరిచేసుకోవాలి.

పేగు తీగలు గాలిలో తేమ మారితే త్వరగా శ్రుతి తప్పుతాయి. ఎడిన్‌బరా చలి నుంచి హైదరాబాద్ వానల్లోకి వచ్చే వాయిద్యానికి నైలాన్ తీగలే మేలు. విమానంలో చిన్న వాయిద్యాలకు క్యాబిన్‌లో చోటిచ్చే నిబంధన అమెరికా 2015లో తెచ్చింది. మిగతాచోట్ల ఎయిర్‌లైన్‌ను బట్టి ఉంటుంది. సంచీతో సహా కొలతలు రాసి, అనుమతి మెయిల్లో తెప్పించుకో.

ఆన్‌లైన్‌లో చౌకగా కనిపించే చెక్కడాల హార్పుల జోలికి మాత్రం పోకు. శ్రుతి నిలవనిదాని మీద సాధన చేస్తే చెవి పాడవుతుంది. 1931లో మొదలైన స్కాట్లండ్ హార్ప్ సంఘం క్లార్సక్ సొసైటీ హార్పులు అద్దెకిస్తుంది. 26 తీగలది దొరికితే ఒక టర్మ్ వాయించి చూడు. నీ పాఠాల్లో ఏవి అందులో ఇమడటం లేదో రాస్తే, ఏది కొనాలో అప్పుడు తేల్చుకుందాం.

ఇట్లు,
పిన్ని