సీటు రాలేదు, గణితం పోలేదు
ఎంఎస్సీ గణితం పూర్తయింది. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలకూ వెళ్లొచ్చారు. ఎంపిక జాబితాల్లో మాత్రం మీ పేరు లేదు. బాధ సహజమే. అయితే టీఐఎఫ్ఆర్, ఐఎస్‌ఐ, సీఎంఐ వంటి సంస్థలు ఏటా గణితంలో చేర్చుకునేది కొద్దిమందినే. మిగిలినవాళ్లంతా గణితం రానివాళ్లు కారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చేసిన, తర్వాత గణాంక శాస్త్రవేత్తగా పేరొందిన సి.ఆర్.రావు పరిశోధన స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేస్తే, ఆలస్యంగా అందిందని తిరస్కరించారు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అదీ రాలేదు. అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి, 1941లో శిక్షణకు చేరారు. 1945లో ఆయన ప్రచురించిన పరిశోధన పత్రంలోని ఫలితాలను క్రామెర్-రావు, రావు-బ్లాక్‌వెల్ పేర్లతో నేటికీ ప్రపంచమంతా బోధిస్తున్నారు. కేంబ్రిడ్జి పీహెచ్‌డీ ఆ తర్వాత, 1948లో వచ్చింది. అంతటి మేధ అందరికీ ఉండకపోవచ్చు. పక్క శాస్త్రంలోకి ధైర్యంగా అడుగుపెట్టడం మాత్రం ఎవరికైనా సాధ్యమే.

ముందు ఒకటి తేల్చుకోండి. మీకు కావలసింది సిద్ధాంతాలు నిరూపించడమా, గణితంతో పనిచేయడమా?

నిరూపించడమే అయితే ఈ ఏడాదిని బిట్లు బట్టీపట్టడానికి ధారపోయకండి. ఇంటర్వ్యూలో ఎక్కడ తడబడ్డారో గుర్తుండగానే రాసిపెట్టుకోండి. నేను చూసినంతలో చాలామంది తడబడేది రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రాల్లోనే. రుడిన్ అనాలిసిస్ పుస్తకంలోని అభ్యాసాలకు ఒక్కో మెట్టూ వదలకుండా నిరూపణలు రాయండి. రాసినవి మీ మాస్టారికి చూపించండి. సిఫారసు లేఖలో మీ గురించి రాయడానికి ఆయనకు అప్పుడే సరుకు దొరుకుతుంది. టీఐఎఫ్ఆర్, ఎన్‌బీహెచ్‌ఎం పరీక్షలు సాధారణంగా డిసెంబరు, జనవరుల్లో వస్తాయి, గేట్ ఫిబ్రవరిలో. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

పాఠం చెప్పడం ఇష్టమైతే నెట్, సెట్ రాయండి. డిగ్రీ కాలేజీ లెక్చరర్ అర్హత ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుంది. నెట్‌లో జేఆర్‌ఎఫ్ కూడా వచ్చి పీహెచ్‌డీలో చేరితే మొదట్లో నెలకు రూ. 37,000 ఫెలోషిప్. బీమా రంగం నచ్చితే యాక్చూరియల్ పరీక్షలు ఉద్యోగం చేసుకుంటూనే రాయొచ్చు. డేటా సైన్స్ వైపు మనసుంటే ముందు పైథాన్ చేతికి రావాలి. థియరీ ఒక్కటే చూసి అక్కడ ఎవరూ ఉద్యోగమివ్వరు.

రెండోసారి ప్రయత్నించడం సబబే. కానీ ఆదాయం లేకుండా ఏళ్లు గడపడం మీకూ ఇంటికీ భారం. చిన్న ఉద్యోగమైనా చూసుకుని చదవండి.

సీటు రాలేదని మాస్టారికి మొహం చాటేయకండి. ఈ వారమే కలవండి. ఫలితం చెప్పి, తన దృష్టిలో మీరు ఎక్కడ బలహీనమో సూటిగా అడగండి.