ఎతోషా సఫారీకి సెలవు పెట్టేముందు

ఆఫ్రికా సఫారీ అనగానే చాలామంది ఉద్యోగులు, దొరికిన వారం పది రోజుల్లోనే దేశమంతా చుట్టేయాలని చూస్తారు. నమీబియా లాంటి ఎడారి దేశంలో ఆ పద్ధతి పనికిరాదు. అక్కడ ఒక చోటు నుంచి మరో చోటికి వందల కిలోమీటర్లు. సెలవంతా రోడ్డు మీదే గడిచిపోతే జంతువుల్ని చూసేదెప్పుడు? చోట్లు తగ్గించుకోండి, నీటి దగ్గర గడిపే సమయం పెంచుకోండి. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

ఏ నెలలో వెళ్లాలి?

ఉత్తర నమీబియాలోని ఎతోషా జాతీయ పార్కు వైశాల్యం 22 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. అందులో దాదాపు 4,800 చదరపు కిలోమీటర్లు తెల్లటి ఉప్పు మైదానం. మే నుంచి అక్టోబరు దాకా వానలు దాదాపు ఉండవు. గుంటల్లో నీళ్లు ఇంకిపోయేకొద్దీ ఏనుగులు, జీబ్రాలు, జిరాఫీలు, వాటి వెనకే సింహాలు ఆ మైదానం దక్షిణపు అంచున ఉన్న ఊటలకు చేరతాయి. అందుకే సెప్టెంబరు, అక్టోబరు మంచి నెలలు. మన దసరా సెలవులూ ఆ రోజుల్లోనే వస్తాయి. మే నెలలో వెళ్లవచ్చు గానీ, నీళ్లు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉంటాయి కాబట్టి జంతువులు చెదిరి తిరుగుతుంటాయి.

ఐదు సెలవులు, తొమ్మిది రోజులు

శనివారం బయల్దేరితే జొహానెస్‌బర్గ్ మీదుగానో అదిస్ అబాబా మీదుగానో ఆదివారానికి రాజధాని విండ్‌హుక్ చేరవచ్చు. ఆ రాత్రి అక్కడే పడుకోండి. నిద్రలేని కళ్లతో స్టీరింగ్ పట్టుకోవద్దు. సోమవారం సుమారు 430 కిలోమీటర్లు ఉత్తరానికి వెళ్తే ఒకాకుయేజో క్యాంపు. అక్కడ రెండు రాత్రులు, తూర్పున హలాలీలో గానీ నముతోనిలో గానీ మరో రెండు రాత్రులు ఉండండి. శుక్రవారం విండ్‌హుక్, శనివారం విమానం, ఆదివారం ఇల్లు.

సాసస్‌వ్లే ఎర్ర ఇసుక దిబ్బల్ని ఈ తొమ్మిది రోజుల్లో ఇరికించవద్దు. రెండు వారాల సెలవు దొరికినప్పుడే పెట్టుకోండి. ఒక్క రోజు ఎక్కువ దొరికితే ఒచివరోంగో పట్టణం దగ్గరున్న చీతా సంరక్షణ కేంద్రానికి వెళ్లండి. 2022 సెప్టెంబరులో మన కూనో జాతీయ పార్కుకు 8 చీతాలు వచ్చింది నమీబియా నుంచే.

ఆఫీసుతో ముందే తేల్చుకోండి

నమీబియా సమయం మనకంటే మూడున్నర గంటలు వెనక. హైదరాబాద్‌లో పదింటి మీటింగ్ అంటే ఎతోషాలో ఉదయం ఆరున్నర. సూర్యోదయానికి క్యాంపు గేట్లు తీస్తారు, సింహాలు ఎక్కువగా కనిపించేది ఆ వేళే. "రోజుకో కాల్‌లో ఉంటాను" అని మాటిస్తే సఫారీలో సగం పోయినట్టే. పైగా పార్కులో చాలాచోట్ల సిగ్నల్ అందదు. పని మరొకరికి అప్పగించి, ఆ సంగతి మెయిల్‌లో రాసి, అత్యవసరమైతే సాయంత్రం మాత్రమే దొరుకుతానని చెప్పి వెళ్లండి.

బండి, కాగితాలు, డబ్బు

అక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి. ఆర్టీఏ దగ్గర అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. కంకర రోడ్ల మీద వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటితే బండి జారవచ్చు, పార్కు లోపల పరిమితి 60. రెండు స్టెప్నీలు అడగండి, బంకు కనిపించినప్పుడల్లా ట్యాంకు నింపండి. అద్దె కారు డిపాజిట్‌కు నడిపేవారి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలని కంపెనీలు సాధారణంగా అడుగుతాయి. విదేశీ లావాదేవీలు ముందే ఆన్ చేయించుకోండి. నమీబియా డాలరు, దక్షిణాఫ్రికా రాండ్ సమాన విలువే కాబట్టి రాండ్ కూడా చెల్లుతుంది.

అదిస్ అబాబా మీదుగా వెళ్తే ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ కావాలేమో విమాన సంస్థను అడగండి. ఆ టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఉత్తర ప్రాంతంలో మలేరియా ఉంది, డాక్టరును ముందే కలవండి.

బుకింగ్ ఏ వరుసలో?

పార్కు లోపలి ప్రభుత్వ క్యాంపుల్లో గదులు పరిమితం. ముందు సెలవు ఖాయం చేసుకోండి, తర్వాత గదులు, ఆ తర్వాత విమానం, చివర కారు. టికెట్ చవగ్గా దొరికిందని ముందు అది కొనేస్తే, పార్కు బయట బస చేసి రోజూ గేటు తెరిచేదాకా ఎదురుచూడాల్సి రావచ్చు. లోపల ఉంటే సూర్యాస్తమయం తర్వాత కూడా ఒకాకుయేజోలో దీపాలు పెట్టిన నీటిగుంట దగ్గర కూర్చోవచ్చు. నల్ల ఖడ్గమృగాలు అక్కడికి ఎక్కువగా రాత్రిపూటే వస్తాయి. వాటి కోసమైనా లోపలి గదికే పట్టుబట్టండి.