మొండితనమా? భయమా?



గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మన పెద్దల సామెత. గుర్రం మొండిదైతే మాత్రం దాణా తప్పుతుంది, దెబ్బ తప్పదు. జీను వేయబోతే కరిచేది, ఎక్కబోతే ముందుకాళ్ళెత్తి నిలబడేది, వంతెన దగ్గరకు రాగానే నాలుగు కాళ్ళూ నేలలో పాతినట్లు ఆగిపోయేది, ఇటువంటి గుర్రం ఒక చేతినుండి మరో చేతికి మారుతూ, మారిన ప్రతిసారీ మరికొన్ని దెబ్బలు తింటూ, చివరకు ఎవరికీ అక్కరలేనిదవుతుంది. అటువంటి గుర్రాన్ని మరల దారికి తేవచ్చునా? ఎలా తేవాలి? ఎంతకాలం పడుతుంది? ఈ వారం మన పాఠం ఇదే. మనలో చాలామంది ఇండ్లలో గుర్రాలు లేవు, నిజమే. అయినను కోడెదూడ మెడమీద మొదటిసారి కాడి మోపిన రైతుకు ఇందులో సగం ముందే తెలిసియుంటుంది.

మొదట గుర్రం ఎటువంటి ప్రాణియో చూద్దాం. ఎద్దుకు కొమ్ములున్నవి, కుక్కకు కోరలున్నవి. గుర్రానికి పరుగే ప్రధానమైన రక్షణ. క్రూరమృగాలనుండి పారిపోయి బ్రతికిన జాతి అది. కన్నులు తలకు రెండు ప్రక్కల ఉండుటచేత దాదాపు 350 డిగ్రీల మేర చుట్టూ చూడగలదు. సరిగ్గా వెనుక, నుదుటికి సరిగ్గా ఎదుట మాత్రం దానికి కనబడదు. మనం ముద్దుగా నుదురు నిమరబోతే, ఆ చేయి ఎక్కడనుండి వచ్చిందో దానికి తెలియదు. ఉలిక్కిపడి తల ఎగరవేస్తే పొగరు అంటాం. కడుపు సంగతి మరీ ముఖ్యం. రోజుకు పదహారు గంటల దాకా కొంచెం కొంచెంగా గడ్డి మేయుటకు ఏర్పడిన కడుపు కనుక, అందులో ఆమ్లం రాత్రింబవళ్ళు ఊరుతూనే ఉంటుంది. శాలలో కట్టివేసి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఉలవలు పెట్టి సరిపెట్టుకొంటే ఆ ఆమ్లం కడుపునే తింటుంది. పందెపు గుర్రాలలో ఈ పుండ్లు మరీ ఎక్కువ. పొట్ట క్రింద జీను పట్టీ బిగించగానే తిరిగి కరవబోయే గుర్రాన్ని కొరడాతో కొట్టేముందు, కడుపులో పుండున్న మనిషికి నడుముకు తోలు పట్టీ బిగించి చూడండి.

అందుచేత మొదట పిలువవలసినది శిక్షకుని కాదు, పశువైద్యుని. గుర్రం పండ్లు జీవితంలో చాలాకాలం పైకి వస్తూనే ఉంటాయి. ఎగుడుదిగుడుగా అరిగిన దవడపండ్ల అంచులు కత్తివలె తయారై లోపలి బుగ్గను కోస్తాయి. వీపు నొప్పి, సరిపడని జీను, లాడం సరిగా కొట్టని గిట్ట, వీటిలో ఏదైనా సరే మంచి గుర్రాన్ని చెడ్డ గుర్రంగా చూపించగలదు.

మా ప్రాంతంలో పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని అద్దెకిచ్చి బ్రతికే ఒక కుటుంబం ఉంది. రెండు చేతులు మారి వచ్చిన తెల్ల గుర్రాన్ని చవకగా వచ్చిందని కొన్నారు. కళ్ళెం చేతబట్టుకొని దగ్గరకు పోతే చాలు, తల ఆకాశానికెత్తి వెనుకకు పోయేది. ఒకనాడు ఇంటి యజమానిని గోడకు అదిమింది. అమ్మివేద్దామంటే కొనేవాడు లేడు. ఉంచుకొందామంటే దాణా ఖర్చు. పెళ్ళిళ్ళ ముహూర్తాలు దగ్గర పడుతున్నవి. పశువైద్యుడు వచ్చి నోరు తెరిపించి చూస్తే బుగ్గ లోపల పాత గాయాలమీద కొత్త గాయాలు! ఆకురాయితో పండ్ల అంచులు అరగదీశాడు, పుండ్లు పది పదిహేను రోజులలో మానిపోయినవి. ఇక అంతా సర్దుకొంటుందని అందరూ అనుకొన్నారు. మరల కళ్ళెం చూపించగానే గుర్రం మునుపటివలెనే తల ఎత్తింది. నొప్పి పోయింది గాని, నొప్పి జ్ఞాపకం పోలేదు. అసలు పని అక్కడ మొదలైంది. దాని సంగతికి తరువాత వస్తాను. ముందు ఒక చరిత్ర చెప్పాలి.

1858లో ఇంగ్లాండులో క్రూజరు అనే మగ గుర్రం ఉండేది. మేలుజాతి పందెపు గుర్రం. యజమాని డార్చెస్టరు ప్రభువు. దాని కోపానికి భయపడి మూతికి బరువైన ఇనుప చిక్కం కట్టి, ఏండ్ల తరబడి ఒంటరిగా ఉంచారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, గ్రోవ్‌పోర్టు నుండి వచ్చిన జాన్ రేరీ అనే యువకునికి అప్పుడు ముప్పది ఏండ్లు. ఎటువంటి గుర్రాన్నైనా మచ్చిక చేస్తానని చెప్పి విక్టోరియా రాణి ఎదుట కూడా ప్రదర్శించాడు. క్రూజరును చేయి చూడమని ఆయనను సవాలు చేశారు. సుమారు మూడు గంటలలో గుర్రం లొంగింది, ఆయన దానిపై ఎక్కాడు. పత్రికలు ఆయనను ఆకాశానికెత్తినవి.

ఆయన పద్ధతి ఇది. గుర్రం ముందుకాలు ఒకటి మడిచి తోలు పట్టీతో కట్టివేస్తాడు. మూడు కాళ్ళమీద ఉన్న గుర్రం పారిపోలేదు, తన్నలేదు. తరువాత రెండవ ముందుకాలికి మరో పట్టీ. పెనుగులాడి అలసి, గుర్రం మోకాళ్ళమీదకు వంగి చివరకు ప్రక్కకు ఒరిగిపోతుంది. అప్పుడు ఆయన కొట్టడు, అరవడు. తలనుండి తోకవరకు మెల్లగా నిమురుతాడు, మాట్లాడుతాడు. కొరడాలు, ఇనుప ముండ్లు రాజ్యమేలిన కాలంలో ఇది గొప్ప మార్పే. పైగా ఆయన వ్రాసిన సూత్రాలు నేటికీ నిలిచే ఉన్నవి. తనకు అర్థమైన పనిని, తన స్వభావానికి తగిన రీతిలో అడిగితే గుర్రం ఎదిరించదని ఒకటి. తన బలమెంతో దానికి తెలియదని రెండవది. కొత్త వస్తువును తన పద్ధతిలో పరీక్షించుకొనిస్తే, నొప్పి కలిగించనంతవరకు దేనికీ భయపడదని మూడవది.

సూత్రాలు ఒప్పుకొంటాను. ఆ తోలు పట్టీని మాత్రం ఒప్పుకోలేను. కట్టివేయబడి, ఇక దారి లేదని తెలిసి కదలక పడియున్న ప్రాణి శాంతించిందా, ఆశ వదలుకొన్నదా? బయటినుండి చూచేవారికి రెండూ ఒకేలా కనబడతాయి. సెమినరీలో అరిస్టాటిలును చదివిన రోజులలో ఇష్టపూర్వకమైన క్రియ ఏది, బలవంతపు క్రియ ఏది అని గంటల తరబడి వాదించుకొనేవారం. గుర్రపుసాలలో ఆ ప్రశ్నకు జవాబు ఒక్క చూపులో దొరుకుతుంది. ఇష్టపడి నిలబడిన గుర్రం చెవులు కదులుతుంటాయి, మెడ కండరం వదులుగా ఉంటుంది, మనిషి ప్రక్కకు జరిగితే కన్ను వెంట వస్తుంది. ఆశ వదలుకొన్న గుర్రం రాతివలె నిలబడుతుంది. క్రూజరు విషయంలో నేను గౌరవించేది ఆ మూడు గంటలను కాదు. తరువాత రేరీ ఆ గుర్రాన్ని తనతో ఊరూరా త్రిప్పుకొని, అమెరికాకు తీసికొనిపోయి, తాను బ్రతికినంత కాలం విడువకుండా ఉంచుకొన్నాడు. 1866లో 38 ఏండ్లకే ఆయన చనిపోయాడు. గుర్రం 1875 వరకు బ్రతికింది. పత్రికలవారికి ఆ ఎనిమిదేండ్ల సహవాసం కంటే మూడు గంటల అద్భుతమే ఎక్కువ నచ్చింది.

ఇంతకంటె మంచి మాట రేరీకి రెండు వేల ఏండ్లకు ముందే గ్రీకు దేశంలో ఒకరు చెప్పియున్నారు. సోక్రటీసు శిష్యుడైన క్సెనొఫోను సైనికుడు, గుర్రాలను ఎరిగినవాడు. గుర్రపుస్వారీపై ఆయన వ్రాసిన గ్రంథం నేటికీ లభిస్తుంది. కోపంతో గుర్రాన్ని ఎన్నడూ సమీపించకూడదని ఆయన నియమం. గుర్రం ఏదైనా వస్తువును చూచి బెదిరితే కొట్టవద్దంటాడు, ఎందుకనగా ఆ దెబ్బ నొప్పి కూడా ఆ వస్తువు వలననే కలిగిందని గుర్రం అనుకొంటుంది. మనిషే ముందు ఆ వస్తువును తాకి చూపి, మెల్లగా దగ్గరకు నడిపించాలట. అలెగ్జాండరు కథ మీరు వినేయుంటారు. ఎవరికీ లొంగని బుసెఫలసు తన నీడకే బెదురుతున్నదని గమనించిన ఆ బాలుడు, దాని ముఖాన్ని సూర్యునివైపు త్రిప్పాడని ప్లూటార్కు వ్రాశాడు. ఆ గుర్రం జీలం నదీతీరపు యుద్ధం తరువాత క్రీ.పూ. 326లో మన ఉపఖండంలోనే చనిపోయింది. దాని పేర అక్కడ ఒక పట్టణమే వెలిసింది. కథలో ఎంత నిజమున్నా, బాలుడు గుర్రాన్ని మార్చలేదు, అది చూస్తున్న దిక్కును మార్చాడు.

ఇక నేటి పద్ధతి. అమెరికా పశ్చిమ ప్రాంతపు పశువుల కాపరులలో టామ్ డోరెన్సు (1910–2003), ఆయన వద్ద నేర్చిన రే హంటు అను ఇద్దరు ఈ విద్యను మరల వెలుగులోనికి తెచ్చారు. సారాంశం చిన్నది, సాధన పెద్దది. తాడుతో కొద్దిగా లాగుతాం. గుర్రం ఆ దిక్కుగా ఒక్క అడుగు, ఒక్కొక్కప్పుడు ఒక్క చూపు ఇచ్చినా చాలు, వెంటనే తాడు వదులు చేయాలి. గుర్రం నేర్చుకొనేది లాగినప్పుడు కాదు, వదిలినప్పుడు. వదలడం రెండు మూడు క్షణాలు ఆలస్యమైతే, ఆ క్షణంలో తాను చేస్తున్న మరేదో పనికి ఆ వదులును ముడివేసికొంటుంది. తల ఎగరవేసినప్పుడు భయపడి మనం తాడు వదిలితే ఏమి నేర్పినట్లు? తల ఎగరవేస్తే మనిషి పోతాడని నేర్పినట్లే. మొండి గుర్రాలలో చాలావరకు ఇలా తయారైనవే, అనగా మనుష్యులు తెలియక చక్కగా శిక్షణ ఇచ్చిన గుర్రాలే!

ఆ తెల్ల గుర్రం సంగతి. పశువైద్యుని సలహాపై యజమాని కళ్ళెపు ఇనుమును ప్రక్కన పెట్టి, ఉత్త తాడుతోనే మొదలుపెట్టాడు. మొదటి వారం కళ్ళెం చేత పట్టుకొని దూరంగా నిలబడడమే పని. గుర్రం తల దించి చూడగానే తాను వెనుదిరిగి పోయేవాడు. తరువాత రెండడుగులు దగ్గరకు, మరల వెనుకకు. మెడకు తాకించి తీసివేయడం, చెవుల దగ్గరకు తెచ్చి తీసివేయడం. రోజుకు పదిహేను నిమిషాలకు మించలేదు. బాగా జరిగిన రోజున ఇంకొంచెం చేద్దామన్న ఆశ పుట్టేది, అక్కడే ఆపేవాడు. ఆరవ వారంలో ఇనుముకు కొంచెం బెల్లం రాసి పెదవి దగ్గర పెడితే గుర్రం తానే నోట పట్టింది. ఆ సీజను పెళ్ళిళ్ళు పోయినవి, అప్పు మిగిలింది. ఇంట్లో ఆడవారు మాటలు అనకపోలేదు. దాణా బాకీ చూచిన ఆ తల్లిని నేను తప్పుపట్టలేను. ఇటువంటి గుర్రాన్ని నిదానంగా దారికి తెమ్మని సలహా ఇచ్చేవారం ఆ నిదానం ఖర్చు ఎవరు భరిస్తున్నారో కూడా గుర్తుంచుకోవాలి.

జంతువులు యంత్రాలవంటివని దెకార్తు వ్రాసిన సంగతి తత్త్వశాస్త్రం చదివినవారికి తెలుసు. ఇప్పుడు పరిశోధకులు మరో మాట చెబుతున్నారు. ఇంగ్లాండులోని ససెక్సు విశ్వవిద్యాలయం వారు 2016లో ప్రకటించిన పరిశోధనలో, కోపంగా ఉన్న మనిషి ముఖపు ఫొటో చూడగానే గుర్రాల గుండె వేగం త్వరగా పెరిగింది. 2018లో అదే విశ్వవిద్యాలయం వారు మరొకటి ప్రకటించారు. ఉదయం ఒక మనిషి కోపపు ముఖం ఫొటోలో చూచిన గుర్రం, కొన్ని గంటల తరువాత ఆ మనిషే మామూలు ముఖంతో ఎదుట నిలిస్తే జాగ్రత్త పడింది. కనుక పొద్దున ఇంట్లో తగవుపడి వచ్చిన కోపాన్ని గుర్రపుసాల బయట విడిచి రావాలి. విడువలేకపోతే ఆ రోజు గడ్డి వేసి వచ్చేయడం మేలు. ఇదంతా పిల్లల పెంపకానికి అన్వయించి చెప్పమని కొందరు అడుగుతుంటారు. నేను చెప్పను. బిడ్డకు కారణం చెప్పవచ్చు, గుర్రానికి చెప్పలేం. అందుకే ఈ కష్టమంతా.

పందెం మానిన గుర్రాల చిక్కు వేరు. మన హైదరాబాదు మలక్‌పేటలో పందేలు చూచినవారికి తెలుసు, ఆ గుర్రాలు రెండేండ్ల వయస్సులోనే పరుగు మొదలుపెడతాయి. కొద్ది ఏండ్లలో ఆ పని అయిపోతుంది. ఆయుష్షు మాత్రం ఇరవై అయిదేండ్ల పైమాటే. పగ్గం బిగిస్తే దానికి ఆనుకొని ఇంకా పరుగెత్తడం నేర్చిన గుర్రానికి, పగ్గం బిగిస్తే ఆగమని అర్థమని మరల నేర్పాలి. ఇది మొండితనం పోగొట్టడం కాదు, ఒక భాష మరిపించి మరో భాష నేర్పడం. బ్రిటనులో 2000 సంవత్సరం నుండి ఈ పనికే ఒక ధార్మిక సంస్థ నడుస్తున్నది.

ఒకచోట నేర్చినది మరోచోట అక్కరకు వస్తుందని కూడా నమ్మకండి. అమెరికాలోని కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో గుర్రాలకు బాగా అలవాటైన పిల్లల ఆటసామగ్రిని కొంచెం ప్రక్కకు త్రిప్పి పెడితే, అవి దానిని కొత్త వస్తువును చూచినట్లే బెదిరి చూచినవి. కనుక దొడ్డిలో నేర్చినది వీధిలో మరల నేర్పాలి, ఎడమప్రక్క నేర్చినది కుడిప్రక్క నేర్పాలి, వాన పడిన రోజున మరొకసారి. వెనుకబాటు వచ్చినప్పుడు మొదటి మెట్టుకు దిగడానికి సిగ్గుపడకూడదు. రెండవసారి ఆ మెట్టు త్వరగానే దాటుతుంది.

తెల్ల గుర్రం రెండవ ఏడాది ఊరేగింపులకు నడిచింది. బాజాలకు అలవాటు పడింది. టపాకాయలకు పడలేదు. టపాకాయలు కాల్చే పెండ్లికి యజమాని దానిని పంపడు, ఎంత ఇస్తామన్నా సరే. ఇప్పుడు పెద్ద కుమారుడు పగ్గం పట్టడం నేర్చుకొంటున్నాడు. తండ్రి ప్రక్కనే నిలబడతాడు. కుమారుడు అడుగు వేస్తే గుర్రం కూడా వేస్తుంది గాని, ఒక చెవి ఇంకా తండ్రివైపే ఉంటుంది. మరో నాలుగు నెలలు పడుతుందని ఆయన అంచనా.